బరువున్నోళ్ళు, గుండె జబ్బున్నోళ్ళు ఎలక్ట్రిక్ సైకిల్ తొక్కొచ్చా: పర్లాకిమిడి ప్రసంగం

(ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో ఒక ఆదివారం పొద్దున్న వాకింగ్‌కి వచ్చేవాళ్ళు పెట్టుకున్న మీటింగులో రిటైరైన ఫిజిక్స్ టీచరమ్మ ఒకరు మాట్లాడింది. ఫోన్ రికార్డింగ్ విని రాసినది. మైకు పోయిన చోట కొన్ని మాటలు లేవు.)

వినిపిస్తోందా వెనకాల? సరే. కుర్చీ వద్దు బాబూ, నిలబడే చెప్తాను, ఈ ప్లాస్టిక్ కుర్చీల మీద నాకు మొదట్నుంచీ నమ్మకం లేదు. (నవ్వులు)

ఇందాక పరిచయం చేసిన అన్నయ్య గారు "ఎలక్ట్రిక్ బండి నడిపే టీచరమ్మ" అన్నారు, అది బండి కాదండి, సైకిలే. పెడల్ ఉంది, చైను ఉంది, నేను తొక్కితేనే కదుల్తాది, వెనక చక్రం మధ్యలో చిన్న మోటారు ఉంటాది, నేను తొక్కుతున్నంతసేపూ అది కూడా ఒక చెయ్యి వేస్తాది. ఎడ్లబండి మిట్ట ఎక్కేటప్పుడు వెనకాల ఒకడు దిగి తోస్తాడు చూడండి, అచ్చం అంతే, ఎడ్లు ఎక్కడికీ పోవు, లాగేది అవే. ఇది నిన్న మొన్నటిది కూడా కాదు, జపాన్లో యమహా వాళ్ళు 1993లోనే అమ్మేరు ఇలాంటిది.

నా సంగతి దాచేదేమీ లేదు, చూస్తే తెలుస్తూనే ఉంది, 112 కేజీలు. రెండు స్టెంట్లు ఉన్నాయి. ఎకో తీస్తే గుండె పంపింగ్ 40 శాతం అని వచ్చింది, మామూలు మనిషికి 55, ఆ పైన ఉంటాది. మా వీధిలో అందరూ అడిగేది ఒకటే, మోటారే లాగేస్తే మరి నీకు ఎక్సర్‌సైజ్ ఏటమ్మా, తొక్కితే మామూలు సైకిల్ తొక్కు, లేదంటే స్కూటీ కొనుక్కో అని. ఆ రెండింటికీ మధ్యలో మాలాంటోళ్ళకి ఒక చోటు ఉందండి, ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే, ఇంకేటీ కాదు.

ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పిన మనిషిని, లెక్క లేకుండా మాట్లాడలేను, రెండు నిమిషాలు ఓర్చుకోండి. నేను, సైకిలు, సంచీ, నీళ్ళ సీసా అన్నీ కలిపితే 140 కేజీలు అనుకుందాం. చదును రోడ్డు మీద, గాలి లేనప్పుడు, గంటకి 15 కి.మీ. వేగంతో పోవాలంటే సుమారు 85 వాట్లు కావాలి. అదే వేగంతో 5 శాతం వాలు, అంటే 100 మీటర్లు పోయేసరికి 5 మీటర్లు ఎత్తు పెరిగే మిట్ట, ఎక్కాలంటే 370 వాట్లు. చూసేరా, 85 ఎక్కడ, 370 ఎక్కడ. పోనీ మెల్లగా 8 కి.మీ. వేగంతో ఎక్కినా 190 దగ్గర ఉంటాది. సన్నగా 60 కేజీలున్న కుర్రాడు మామూలు సైకిల్ మీద అదే మిట్ట అదే 8 కి.మీ. వేగంతో ఎక్కితే వాడికి 105, 110 చాలు. ఒకే మిట్ట, ఒకే వేగం, వాడికంటే నా గుండె దాదాపు రెట్టింపు పని చెయ్యాలి, అదీ బలం తగ్గిన గుండె. మరి "అందరూ తొక్కుతున్నారు కదా నువ్వూ తొక్కు" అంటే ఎలా అవుతాది చెప్పండి.

నా గుండె ఇబ్బంది పడకుండా చాలాసేపు ఇవ్వగలిగేది 50, 60 వాట్లు, అంతే. ఇది ట్రెడ్‌మిల్ టెస్టు తర్వాత డాక్టరు గారితో కూర్చుని మాట్లాడుకుని, మెల్లమెల్లగా తొక్కుతూ నాకు నేను తెలుసుకున్నది, మీది వేరేగా ఉంటాది. చదును మీద 85లో నావి 50, మోటారువి 35. మిట్ట మీద 190లో నావి అదే 50, అదే 60, మిగతా 130 మోటారు భరిస్తాది. రోడ్డు ఎలా మారినా, ఎదురుగాలి కొట్టినా నా వంతు మారదు. మామూలు సైకిల్ మీద అయితే రోడ్డు చెప్తాది నా గుండెకి ఎంత పని పెట్టాలో. దీని మీద నేను చెప్తాను. నాకు దీన్లో నచ్చింది ఇదే, స్పీడూ కాదు, సరదా కాదు... సరదా కూడా ఉంది లెండి. (నవ్వులు)

నడక చాలదా అని అడిగేరు ఒక అక్క. మోకాళ్ళు బావున్నోళ్ళకి నడకే బెస్టు, డబ్బులు కూడా అవవు. నాకు పావుగంట నడిస్తే మోకాళ్ళు పట్టేసేవి, గుండెకి పని మొదలయ్యేలోపు కాళ్ళు ఆగిపోయేవి. సైకిల్ మీద బరువంతా సీటు మోస్తాది, మోకాలి మీద పడదు, కాబట్టి గుండెకి చాలినంతసేపు పని దొరుకుతాది. వారానికి 150 నిమిషాలు ఓ మాదిరి శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది కదా, మాలాంటోళ్ళు ఆ 150 చేరాలంటే మోకాలి దగ్గర ఆగిపోకుండా ఒక దారి ఉండాలి మరి.

సరే, ఇక్కడ కొంచెం గట్టిగా చెప్తాను, తిట్టుకోకండి. ఇవాళ నా మాట విని రేపు ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టి ఎల్లుండి ఎక్కేసేది కాదు ఇది. ముందు గుండె డాక్టరు. బ్రహ్మపురం వెళ్తారో వైజాగ్ వెళ్తారో శ్రీకాకుళం వెళ్తారో మీ ఇష్టం, వెళ్ళి "సైకిల్ తొక్కొచ్చా అండి" అని మాత్రం అడగకండి, అలా అడిగితే ఆయన ఓపీలో ఉన్న హడావిడికి ఊఁ అనో ఊహూఁ అనో అంటారు. నా పంపింగ్ ఎంత, ట్రెడ్‌మిల్ మీద ఏ స్టేజి దాకా వెళ్ళేను, అప్పుడు ఈసీజీలో ఏవైనా మార్పు వచ్చిందా, గుండె లయ తప్పుతోందా, ఇవి అడగండి. ట్రెడ్‌మిల్ వద్దు అన్నోళ్ళకి ఆరు నిమిషాల నడక పరీక్ష ఉంది, ఆస్పత్రి వరండాలో 30 మీటర్లు గుర్తు పెట్టి అటూ ఇటూ నడిపిస్తారు, ఆరు నిమిషాల్లో ఎంత దూరం వెళ్ళేరో కొలుస్తారు, అంతే, భయపడక్కర్లేదు.

కొందరు ఎక్కకూడదు, ఆ మాటా చెప్పాలి. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఛాతీ నొప్పి వస్తున్నోళ్ళు, ఈ మధ్య నొప్పి ఎక్కువైనోళ్ళు, కళ్ళు తిరిగి పడిపోయినోళ్ళు, వాల్వు బాగా ఇరుకై ఉన్నోళ్ళు, బీపీ అదుపులో లేనోళ్ళు, వీళ్ళు డాక్టరు సరే అనేదాకా ఆగాలి. బైపాస్ అయినోళ్ళకి ఛాతీ ఎముక అతుక్కోడానికి 6 నుంచి 12 వారాలు పడతాది, ఆలోగా హ్యాండిల్ పట్టుకుని గుంతల్లో వెళ్తే ఆ కుదుపంతా ఎముక మీదే. ఇంకోటి, మాలా నీరు పట్టే గుండె ఉన్నోళ్ళు రోజూ పొద్దున్న బాత్రూంకి వెళ్ళొచ్చేక, ఏటీ తినక ముందు, బరువు చూసుకోవాలి. మూడ్రోజుల్లో 2 కేజీలు పెరిగితే అది కొవ్వు కాదండి, నీరు. ఆ రోజు సైకిల్ తియ్యకండి, డాక్టరుకి ఫోన్ చెయ్యండి. మా ఇంట్లో ఈ బరువు మెషీన్ గొడవ ఎంత అంటే మా ఆయన దాన్ని తులాభారం అంటారు, అననివ్వండి.

తొక్కుతున్నప్పుడు ఎంత గట్టిగా తొక్కుతున్నామో ఎలా తెలుస్తాది? మా అబ్బాయి వాచీ కొనిచ్చేడు, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చూపిస్తాది. మామూలు లెక్క, 220 లోంచి వయసు తీసెయ్యాలి అంటారు కదా, నా వయసు 60, అంటే 160 వరకూ. ఆ లెక్క మాకు పనికిరాదు. మెటోప్రోలాల్ లాంటి మాత్రలు వేసుకుంటున్నోళ్ళకి గుండె వేగం ఆ మాత్రే కట్టి పెడతాది, ఒళ్ళంతా చెమటలు పట్టి ఆయాసం వచ్చేసినా వాచీలో 110 చూపించొచ్చు. వాచీ బాగుంది అంటోంది కదా అని ఇంకా తొక్కితే మరి కష్టం. కాబట్టి వాచీని టైం చూసుకోడానికి వాడుకోండి, శ్రమకి మాత్రం నోరే కొలత. పక్కన ఉన్నోళ్ళతో ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలగాలి, పాట మాత్రం పాడలేనట్టు ఉండాలి. పాట కూడా వచ్చేస్తుంటే మోటారు సాయం ఒక మెట్టు తగ్గించండి, వాక్యం మధ్యలో ఊపిరి తీస్తుంటే ఒక మెట్టు పెంచండి. ఒంటరిగా వెళ్తే ఎవరితో మాట్లాడతాం టీచరు గారూ అంటున్నారు... నేనైతే పదమూడో ఎక్కం చెప్పుకుంటాను గట్టిగా. జనం చూస్తారు, చూడనీండి.

ఎక్కగానే వేగం వద్దు. మొదటి పది నిమిషాలు సాయం ఎక్కువ పెట్టి కాళ్ళు ఊరికే తిప్పండి, ఆఖరి పది నిమిషాలు కూడా అలాగే. దిగే ముందు మెల్లబడ్డం ఎందుకంటే, కాళ్ళకి రక్తం బాగా వెళ్తుంటాది, టక్కున ఆగి దిగి నిలబడితే అది కిందే ఉండిపోయి బీపీ పడుతుంది, మాకు బీపీ మాత్రలు ఎలాగూ ఉన్నాయి, కళ్ళు బైర్లు కమ్ముతాయి. అన్నం తినేక రెండు గంటలు ఆగాలి. ఎండాకాలం మన వైపు సంగతి చెప్పక్కర్లేదు, ఉక్క, గాలి ఉండదు, చెమట ఆరదు, అందుకని ఏప్రిల్ నుంచి పొద్దున్న ఆరున్నరలోపు ఇంటికి వచ్చేయాలి. నీళ్ళ విషయం జాగ్రత్త, నీరు పోయే మాత్ర వేసుకునేవాళ్ళు ఎక్కువ చెమట పడితే డీలా పడతారు, అలాగని సీసాలకి సీసాలు తాగొద్దు, డాక్టరు రోజుకి ఇంత అని కొలత ఇచ్చుంటే ఆ కొలతలోంచే తాగాలి. వచ్చేక పఖాళో చద్దన్నమో తింటారు, తినండి, దాంట్లో ఆవకాయ, ఎండుచేప, ఉప్పు మిరపకాయ అన్నీ పెట్టుకుంటే ఆ ఉప్పంతా నీటిని పట్టేస్తాది, మర్నాడు మెషీన్ చెప్పేస్తాది.

(వెనక నుంచి ఎవరో: "మరి దార్లో నొప్పి వస్తే?")

వస్తున్నాను, అక్కడికే వస్తున్నాను. నొప్పి అంటే సినిమాలో లాగా ఛాతీ పట్టుకుని పడిపోవడమే అనుకోవద్దు. ఆడవాళ్ళకి ముఖ్యంగా, దవడ లాగడం, వీపు మధ్యలో బరువు, ఎడమ చెయ్యి, వికారం, కారణం లేని నీరసం, ఇలా కూడా వస్తాది. గ్యాసేలే అని సోడా తాగి సరిపెట్టుకుంటాం మనం. తొక్కుతుండగా ఏదైనా కొత్తగా అనిపిస్తే తొక్కడం ఆపి, దిగి, కూర్చోండి. కూర్చోడం ముఖ్యం. డాక్టరు గుండె నొప్పికి సార్బిట్రేట్ మాత్ర రాసి ఇచ్చుంటే కూర్చునే నాలిక కింద పెట్టుకోవాలి, నిలబడి పెట్టుకుంటే బీపీ పడి కింద పడతారు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108. ఇంటికి వెళ్ళి చూద్దాం అనొద్దు, ఆ సైకిల్ ఎవరూ ఎత్తుకుపోరు, పోతే పోయింది. మాత్రలు ఒంటి మీద చిన్న సంచీలో ఉండాలి, సైకిల్ డబ్బాలో ఎండకి పెడితే పాడైపోతాయి. మగవాళ్ళకి ఒక్క మాట, సిగ్గుపడకండి, ఆ... ఆ వయాగ్రా లాంటి మాత్ర ఏదైనా వేసుకునే అలవాటుంటే డాక్టరుకి ముందే చెప్పండి, ఆ మాత్రా సార్బిట్రేటూ కలిస్తే బీపీ ఘోరంగా పడిపోతుంది. (నవ్వులు) నవ్వకండి, నిజంగా ప్రాణాల మీదికి వచ్చే సంగతి.

108 విషయంలో మన ఊరికి ఒక ప్రత్యేకం ఉంది. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, ఆంధ్రా. నీలమణి దుర్గమ్మ గుడికి తొక్కుకుని వెళ్తారు మనలో చాలామంది. అక్కడ ఫోన్ ఒకసారి ఈ టవర్, ఒకసారి ఆ టవర్ పట్టుకుంటాది, 108 కొడితే ఏ రాష్ట్రం వాళ్ళు ఎత్తుతారో మనకి తెలీదు. అందుకని ఎత్తగానే నొప్పి గురించి కాదు, ముందు చోటు చెప్పండి, "ఒడిశా, గజపతి జిల్లా, పర్లాకిమిడి, ఫలానా వీధి" అనో, "ఆంధ్రా, శ్రీకాకుళం జిల్లా, పాతపట్నం" అనో. ఒక చీటీ మీద ఒడియాలో, తెలుగులో రెండింట్లోనూ పేరు, జబ్బు, మాత్రలు, ఇంటి ఫోన్ నంబరు రాసి హెల్మెట్ లోపల అంటించుకోండి, ఎత్తినోడు ఏ భాషవాడైనా చదువుకుంటాడు.

హెల్మెట్ అన్నాను కదా. సైకిల్‌కి హెల్మెట్ ఏటి అని ఇక్కడెవరూ పెట్టుకోరు. స్టెంట్ వేసుకున్నోళ్ళు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వేసుకుంటుంటాం, రక్తం గడ్డ కట్టకుండా. దానర్థం దెబ్బ తగిలితే తొందరగా ఆగదు. చెయ్యి గీసుకుపోతే గుడ్డ నొక్కి పట్టుకుంటాం, తల లోపల కారితే ఏటి పట్టుకుంటాం? తలకి దెబ్బ తగిలితే బాగానే ఉన్నాను అనిపించినా స్కాన్ తీయించుకోవాలి, ఇది మాకు మామూలు వాళ్ళకంటే ఎక్కువ అవసరం. పేస్‌మేకర్ ఉన్న పెద్దాయన ఒకరు ఇక్కడే ఉన్నారు, మావయ్య గారూ, ఫోన్ ఆ పక్క జేబులో పెట్టుకోకండి, పేస్‌మేకర్‌కి 15 సెంటీమీటర్లు దూరంగా ఉండాలి.

ఇంక సైకిల్. ఇక్కడే బరువున్నోళ్ళకి షాపువాళ్ళు ఎవరూ చెప్పని సంగతులు ఉన్నాయి. చాలా సైకిళ్ళకి ఇంత బరువే మోస్తాది అని ఒక హద్దు ఉంటాది, కొన్నిటికి 100 కేజీలు, కొన్నిటికి 120, అది మనిషి బరువా, సామానుతో కలిపా అన్నది కూడా చూసుకోవాలి, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటాది. షాపులో కుర్రాడు "ఏం పర్లేదు మేడం" అంటాడు, వాడిదేం పోయింది. నేను రాతలో చూపించమన్నాను, చూపించలేదు, ఇంకో చోట కొన్నాను.

ముందు ఓడిపోయేది వెనక చక్రం. మన బరువులో ఎక్కువ భాగం దాని మీదే, పైగా మోటారు కూడా అక్కడే ఉంటే చువ్వల మీద లాగుడు ఇంకా ఎక్కువ. రోడ్డు మీద గుంతలో ఒక్కసారి గట్టిగా పడితే ఒక చువ్వ తెగుతాది, ఒకటి తెగేక పక్కవాటి మీద భారం పడి అవీ తెగుతాయి, రిమ్ము వంకర పోతుంది. 36 చువ్వలున్న చక్రం, రెండు గోడల రిమ్ము చూసుకోండి, కొన్న కొత్తలో ఒక నెల తిరక్కుండానే చువ్వలు బిగించి వంకర తీయించుకోండి, మన బజార్లో పాత సైకిల్ మేస్త్రీలకి ఈ పని చేతిలో ఉంది, చక్రం తిప్పుతూ చెవి పెట్టి వింటాడు, ఏ చువ్వ వదులో చెప్పేస్తాడు, ఎలక్ట్రిక్ అని భయపడి ముట్టుకోను అంటాడు మొదట్లో, వైరు నేను పీకి ఇచ్చి "ఇప్పుడు ఇది ఒట్టి చక్రమే బాబూ" అన్నాను, చేసేడు. టైరు వెడల్పుగా ఉండాలి, రెండు అంగుళాలు, దానికి తగ్గట్టు గాలి. బరువున్నోళ్ళు గాలి తక్కువ పెట్టుకుంటే గుంతలో రిమ్ముకి ట్యూబు నలిగి పంక్చర్ అవుతాది, తోసుకుంటూ వచ్చేది కూడా మనమే.

ఆడవాళ్ళు మధ్యలో అడ్డ కమ్మీ లేనిది తీసుకోండి. ఆడవాళ్ళనే ఏటి, పొట్ట ఉన్న మగవాళ్ళు కూడా, కాలు వెనక నుంచి తిప్పి ఎక్కే రోజులు అయిపోయాయి, ఒప్పుకుందాం. చైనుకి మూత, వెనక చక్రానికి వల ఉండాలి, చున్నీ గట్టిగా కట్టుకోవాలి. సీటు ఎత్తు, పెడల్ కిందకి వచ్చినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండేలా. భయం కొద్దీ మరీ కిందకి దించుకుంటారు, అప్పుడు మోకాలే నొప్పి పెడతాది, సైకిల్ వల్ల వచ్చింది అంటారు.

బ్రేకులు డిస్కువి ఉండాలి, రెండు చక్రాలకీ. లెక్క చెప్పనా? 140 కేజీలు గంటకి 15 కి.మీ. వేగంతో పోతుంటే ఆపాల్సిన శక్తి ఎంతో, 25 వేగంలో దానికి రెండున్నర రెట్లకి పైనే. వేగం వర్గం కదా, గుర్తుందా పదో తరగతి? (ఎవరో: "గుర్తు లేదు టీచరమ్మా") తెలుసు, నువ్వు అప్పుడు కూడా చెప్పలేదు. (నవ్వులు) బ్రేకు పట్టగానే మోటారు ఆగిపోయే ఏర్పాటు ఉందో లేదో కొనే ముందే చూడండి.

సాయం రెండు రకాలు. ఒకదాంట్లో పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రం చూస్తాది, తిరిగితే మోటారు వస్తాది. రెండోది మనం ఎంత గట్టిగా నొక్కుతున్నామో కొలిచి దాన్నిబట్టి సాయం ఇస్తాది. రెండోది ఖరీదు, తొక్కడం హాయి, అందరూ అదే మంచిది అంటారు. నా మాట వేరు. గుండె బలహీనంగా ఉన్నోళ్ళకి మొదటిది చాలు, నొక్కితేనే ఇస్తాను అనే సైకిల్ మిట్ట మీద మనల్ని నొక్కమంటాది, ఊరికే తిప్పితే ఇచ్చేదే మాకు కావాలి. కాకపోతే మొదటి రకం కదిలేటప్పుడు అర చుట్టు తిరిగాక గాని రాదు, వచ్చేటప్పుడు ఒక్క కుదుపుతో వస్తాది, కాబట్టి బ్రేకు మీద వేళ్ళు పెట్టుకునే బయల్దేరాలి. చేత్తో తిప్పే యాక్సిలరేటర్ కూడా ఉండాలి అంటాను నేను. అది రోజూ వాడ్డానికి కాదు, ఒంట్లో బాగోనప్పుడు కాళ్ళు ఆడించకుండా ఇల్లు చేరడానికి. బ్యాటరీ అరవై శాతానికి వచ్చేసరికి వెనక్కి తిరిగేయండి, కంపెనీవాళ్ళు చెప్పే కిలోమీటర్లు సన్నటి మనిషికి, చదును రోడ్డుకి, మనకి కాదు. చార్జింగ్ గురించి రెండే మాటలు, తొక్కి రాగానే వేడి బ్యాటరీకి పెట్టొద్దు, రాత్రంతా పెట్టి పడుకోవద్దు, గ్యాస్ బండ పక్కన అసలే వద్దు... మూడు అయ్యాయి.

ఎక్కడ తొక్కాలి? రైలు కట్ట పక్క రోడ్లు చూసుకోండి. మన నౌపడ లైను రాజావారి కాలంలో 1900లో పర్లాకిమిడి దాకా వచ్చింది, చిన్న రైలు, తర్వాత 1931లో గుణుపురం దాకా వేసేరు, పెద్ద గేజి 2011లో అయ్యింది. రైలు మిట్టలు ఎక్కలేదు కదా, అందుకని వేసినోళ్ళు చదును చూసుకునే వేసేరు, కాశీనగర్ మీదుగా వంశధార పక్కనే పోతుంది. ఆ లైను ఎటు పోతే అటు చదును ఉన్నట్టు. ఆర్.ఉదయగిరి వైపు, మోహన వైపు ఘాట్ రోడ్లు మాత్రం వద్దు. గండాహతి జలపాతం చూడ్డానికి ఆటోలో వెళ్ళండి. రథయాత్ర రోజుల్లో బజారు వైపు అసలు తియ్యకండి, జనంలో ఆగి ఆగి కదలడమే ఎక్కువ శ్రమ.

ప్రశ్నలు ఉంటే అడగండి, ఎండెక్కుతోంది.

(ప్రశ్న: లైసెన్సు కావాలా? పాతపట్నం వైపు పోలీసులు ఆపుతారా?)

మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కి.మీ. లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కేజీల లోపు ఉంటే రిజిస్ట్రేషన్ వద్దు, లైసెన్సు వద్దు. అది సెంట్రల్ రూలు, వంతెనకి ఇటూ అటూ ఒకటే. నన్ను ఒకాయన ఆపేడు, కాగితాలు అన్నాడు, కొన్నప్పుడు ఇచ్చిన కాగితంలో మోటారు వాట్లు రాసి ఉంటాయి, దాని ఫోటో ఫోన్లో చూపించేను, తర్వాత ఆయనే వాళ్ళ అమ్మకి ఒకటి కావాలి ఎంత అయ్యింది అని అడిగేడు.

(ప్రశ్న: ఎంత బరువు తగ్గేరు?)

ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను. పెద్దగా తగ్గలేదమ్మా. లెక్క చూడు, నా కాళ్ళు 50 వాట్లు గంటసేపు ఇస్తే ఒళ్ళు ఖర్చు పెట్టేది 200 కేలరీలు, అటూ ఇటూగా. ఇంటికొచ్చి ఒక మసాలా దోశ తింటే చెల్లు. బరువు తగ్గడం తిండి దగ్గర జరగాలి, సైకిల్ దగ్గర కాదు. కానీ బీపీ దిగింది, షుగరు కొంచెం దిగింది, మేడ మీదకి ఇప్పుడు ఆగకుండా ఎక్కుతున్నాను. మెషీన్లో అంకె మారలేదు కదా అని ఆపేస్తారు చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఇంట్లోవాళ్ళు కూడా అదే అడుగుతారు, ఎంత తగ్గేవు ఎంత తగ్గేవు అని. గుండెకి కావాల్సింది వేరే అని వాళ్ళకి చెప్పండి, వినకపోతే మీరు తొక్కుతూనే ఉండండి.

(ప్రశ్న: మహేంద్రగిరి ఎక్కొచ్చా దీని మీద?)

1501 మీటర్లు బాబూ! నీకేటి, పాతికేళ్ళు ఉంటాయా? నువ్వు ఎక్కు. నేను జీపులో వస్తాను, నీ మంచినీళ్ళు నేను పట్టుకొస్తాను. (నవ్వులు)

(ప్రశ్న: మిట్ట మధ్యలో ఛార్జింగ్ అయిపోతే?)

దిగాలి, కాసేపు కూర్చోవాలి, అంతే గానీ 26 కేజీల సైకిల్ని మిట్ట మీదకి తోయడం తొక్కడం కంటే ఎక్కువ శ్రమ, మాలాంటోళ్ళు అది చెయ్యకూడదు. కొన్ని సైకిళ్ళకి పక్కన నడుస్తుంటే దానంతట అదే మెల్లగా నడిచే బటన్ ఉంటాది, దానికి కొంచెం ఛార్జింగ్ మిగల్చాలి, అరవై శాతానికి తిరగమన్నది అందుకే. అదీ లేదంటే ఆటో. సైకిల్ని ఆటోలో వెయ్యడానికి డబ్బులు అడుగుతాడు, ఇచ్చేయండి.

సరే, నా సైకిల్ బయట చెట్టు కింద పెట్టేను. ఒక్కొక్కళ్ళూ ఎక్కి సీటు ఎత్తు చూసుకోండి, స్టాండు మీదే, కదపొద్దు. ముందు బ్రేకు పట్టి చూడండి. ఆ కుడి చేతి వైపు యాక్సిలరేటర్ ఎవరూ తిప్పొద్దు... బాబూ, నీతోనే, తాళం తీసి ఇటు ఇయ్యి.